ఎండిన చెరువులోకి కొరమీను ఎక్కడి నుంచి వస్తుంది?

మే నెలలో చెరువు అడుగు నెర్రెలిచ్చి ఉంటుంది. గొర్రెలు అందులోనే మేస్తాయి, పిల్లలు అందులోనే క్రికెట్ ఆడతారు. తర్వాత నాలుగు గట్టి వానలు పడి మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. నెల తిరక్కముందే ఎవరో గాలం వేస్తే మూరెడు పొడవు కొరమీను పడుతుంది. ఆ చెరువులో ఎవరూ చేపపిల్లలను వదల్లేదు. ఏ నదీ వచ్చి అందులో కలవలేదు. మరి ఆ చేప ఎక్కడిది?

ఈ ప్రశ్నకు పల్లెల్లో రకరకాల జవాబులు వినిపిస్తాయి. వానతో పాటు ఆకాశం నుంచి పడిందని కొందరంటారు. మట్టిలో దాగిన గుడ్లు వానకు పొదిగాయని కొందరంటారు. బురదలో నిద్రపోయి లేచిందని ఇంకొందరు, పక్క చెరువు నుంచి నడిచి వచ్చిందని మరికొందరు చెబుతారు. చివరి రెండు మాటలూ కథల్లా తోస్తాయి గానీ, నిజం ఆ రెండిట్లోనే ఉంది. ఎందుకో, ఎలాగో ఒక్కొక్కటిగా చూద్దాం.

కోలారులో ఈ ప్రశ్నకు అంత ప్రాధాన్యం ఎందుకు?

కర్ణాటకలోని కోలారు అనగానే అందరికీ బంగారమే గుర్తొస్తుంది. 2001 ఫిబ్రవరి 28న మూతపడే నాటికి కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కె.జి.ఎఫ్.)లోని ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. భూమి లోపల అంత సంపద ఉన్న ఈ సీమకు భూమి పైన నీళ్లు ఎప్పుడూ కొరతే. ఏడాది పొడవునా పారే నది జిల్లాలో ఒక్కటీ లేదు. పాలారు, దక్షిణ పినాకిని ఈ వైపు నుంచే సాగుతాయి గానీ వానలున్నన్నాళ్లే వాటిలో పారుదల. కురిసేది ఏడాదికి సగటున 700 మిల్లీమీటర్ల పైచిలుకు వాన. ఏటికేడాది అందులో ఎంతో తేడా.

అందుకే ఇక్కడి పెద్దలు వాగులకు అడ్డంగా కట్టలు వేసి, ఊరూరా చెరువులు నిర్మించారు. పై చెరువు నిండితే మిగులు నీళ్లు కోడి (అలుగు) మీదుగా పొర్లి కాలువలో పడతాయి, అక్కణ్ణుంచి కింది చెరువుకు చేరతాయి. ఇలా చెరువుకు చెరువు గొలుసుకట్టుగా ఉంటుంది. పాలారు మీది బేతమంగళ చెరువు నుంచే 20వ శతాబ్దం మొదట్లో గనుల పట్టణానికి తాగునీళ్లు తీసుకెళ్లారు.

ఇలాంటి చోట బతికే చేపకు రెండు కష్టాలు తప్పవు. ఒకటి, వేసవిలో నీళ్లు తగ్గి, వేడెక్కి, ప్రాణవాయువు లేని బురదగా మారడం. రెండు, ఆ బురద కూడా ఎండిపోవడం. ఈ రెండు కష్టాలకూ తట్టుకునే శరీరం ఉన్న చేపలు కొన్నే. కొరమీను, దాని దాయాది మట్టగిడస, మీసాలున్న మార్పు చేప, ముల్లు గుచ్చితే భగ్గుమనే ఇంగిలాయి, ఇవన్నీ ఆ కోవలోవే.

మామూలు చేప ఒడ్డున పడితే ఎందుకు చస్తుంది?

ఇక్కడ ఒక వింత ఉంది. లీటరు గాలిలో దాదాపు 210 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో ఉన్న లీటరు మంచినీటిలో ఎంత కరిగినా 5, 6 మిల్లీలీటర్లకు మించదు. అంటే ఒడ్డున పడ్డ చేప చుట్టూ ముప్పై, నలభై రెట్లు ఎక్కువ ఆక్సిజన్ ఉంది. అయినా అది ఊపిరాడకే చస్తుంది.

కారణం మొప్పల నిర్మాణం. మొప్ప మూత ఎత్తి చూస్తే లోపల ఎర్రగా, దువ్వెన పళ్లలా సన్నటి పోగులు వరసగా కనిపిస్తాయి. నీళ్లలో ఉన్నంతసేపూ ఆ పోగులు విడివిడిగా తేలుతూ ఉంటాయి కాబట్టి నీళ్లు ప్రతి పోగునూ తాకుతూ పోతాయి. గాలిలోకి రాగానే వాటిని నిలబెట్టే ఆధారం ఉండదు. తడి పోగులు ఒకదానికొకటి అంటుకుని ముద్దయిపోతాయి. ఆక్సిజన్ పీల్చుకునే వైశాల్యం ఒక్కసారిగా పడిపోతుంది. కాసేపటికి ఆ ముద్ద కూడా ఎండిపోతుంది. బొచ్చె, శీలావతి లాంటి చేపలు ఒడ్డున పడి కొంతసేపు కొట్టుకుని చచ్చిపోవడానికి కారణం ఇదే.

మరి కొరమీను గాలి ఎలా పీలుస్తుంది?

కొరమీనుకు మొప్పలు ఉన్నాయి, కానీ అవి చిన్నవి. మొప్పల పైన, తల లోపల రెండు వైపులా గదుల్లాంటి ఖాళీలు ఉంటాయి. వాటి లోపలి పొర పల్చగా, ముడతలు ముడతలుగా, నిండా రక్తనాళాలతో ఉంటుంది. ఈ పొర మొప్ప పోగుల్లా అంటుకుపోదు, ఎముకల ఆసరాతో నిలబడి ఉంటుంది. గాలి ఆ గదిలో ఉన్నంతసేపూ అందులోని ఆక్సిజన్ నేరుగా రక్తంలోకి దిగుతుంది. గనిలో ప్రమాదం జరిగినప్పుడు కాపాడడానికి దిగే మనుషులు తమ గాలిని తామే మోసుకుపోయినట్టు, కొరమీను కూడా ఆక్సిజన్ లేని బురద నీటిలోకి తన గాలిని తలలో పెట్టుకుని దిగుతుంది.

దీన్ని చూడడానికి ప్రయోగశాల అక్కర్లేదు. చేపల అంగడిలో కొరమీన్లను ప్రాణంతోనే అమ్ముతారు. జానెడు నీళ్లున్న గంగాళంలో అవి ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంటాయి. ఒక చేపనే ఎంచుకుని కొద్ది నిమిషాలు కళ్లార్పకుండా చూడండి. అది నెమ్మదిగా తల ఎత్తుతుంది. నోరు నీటి పైకి వస్తుంది. ఒక బుడగ బయటపడుతుంది. గుటక వేసినట్టు నోరు మూసుకుని మళ్లీ కిందికి దిగిపోతుంది. ఆ ఒక్క క్షణంలో లోపల జరిగే పని తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. మొప్పల వైపు నుంచి నీళ్లు వెనక్కు ఎదురు తన్ని ఆ గదుల్లోకి వస్తాయి, వాడేసిన గాలినంతా నోటి గుండా బయటికి తోసేస్తాయి. ఆ తర్వాతే చేప కొత్త గాలి మింగుతుంది. మనం ఊపిరి వదిలినప్పుడు ఊపిరితిత్తుల్లో కొంత పాత గాలి మిగిలిపోతుంది. కొరమీను దాదాపు పూర్తిగా ఖాళీ చేసి నింపుకుంటుంది.

ఇదే పనికి మిగతా చేపలు వేరే వేరే ఏర్పాట్లు చేసుకున్నాయి. మార్పు చేప తలలో చిన్న చెట్టు కొమ్మల్లా చీలిన ఎర్రటి అవయవాలు మొప్పల పైన పెరుగుతాయి. ఇంగిలాయికి మొప్పల గది నుంచి వెన్ను పక్కగా తోక వైపు వరకు రెండు పొడవాటి గాలి గొట్టాలు పోతాయి. అనాబాస్ అనే చేపలో మొదటి మొప్ప మీద పల్చటి ఎముక రేకులు గులాబీ పువ్వులా ముడుచుకుని ఉంటాయి. మన దేశపు చేపల్లో ఈ అవయవాలు ఎలా పుట్టి పెరుగుతాయో శ్రద్ధగా పరిశీలించి 1927లో ప్రకటించినవారు ఆచార్య బి.కె.దాస్. తర్వాతి కాలంలో ఆయన హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం బోధించారు.

అలాగైతే కొరమీను నీళ్లలో మునిగి చస్తుందా?

చస్తుంది. ఎదిగిన కొరమీనుకు మొప్పలు మాత్రమే చాలవు. నీటి పైకి రానివ్వకుండా వల కింద బిగించి ఉంచితే, శుభ్రమైన నీళ్లలోనే ఊపిరాడక ప్రాణం పోతుంది. తవుడు చల్లి పెంచే చెరువుల్లో నీటిపైన పాచి, గుర్రపుడెక్క దట్టంగా కమ్మేస్తే కొరమీనుకు ఇబ్బంది కలిగేది ఇందుకే.

మరి మొప్పలు దేనికి? ఆక్సిజన్ తీసుకోవడం గాలి గదుల పని. ఒంట్లో పుట్టే కార్బన్ డయాక్సైడును, అమోనియాను వదిలించుకోవడం చాలావరకు మొప్పలు, చర్మం చేసే పని. ఇవి రెండూ నీటిలో తేలిగ్గా కరుగుతాయి. నీళ్లు లేని చోట చేపకు అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

కాళ్లు లేకుండా నేల మీద ఎలా కదులుతుంది?

నీళ్లు చేప బరువును మోస్తాయి. నేల మోయదు. కాబట్టి నేల మీదికి వచ్చిన చేప తన బరువును తానే ఈడ్చుకోవాలి. కొరమీను తలను ఒక వైపు, తోకను మరో వైపు వంచుతూ మెలికలు తిరుగుతుంది. మొప్పల వెనక ఉన్న రెండు రెక్కలను తెడ్లలా ముందుకీ వెనక్కీ తోస్తుంది. ఒంటి మీది జిగురు, తడి గడ్డి ఆ జారుడుకు సాయపడతాయి. అడ్డంగా చిన్న గట్టు వస్తే ఒళ్లంతా విల్లులా వంచి ఎగిరి పడుతుంది.

మార్పు చేప పద్ధతి వేరు. దాని పక్క రెక్కల ముందు భాగంలో గట్టి ముళ్లుంటాయి. ఒక పక్క ముల్లును నేలకు ఊతంగా గుచ్చి ఒళ్లు ముందుకు తిప్పుతుంది, తర్వాత రెండో పక్క ముల్లును ఆనిస్తుంది. ప్రపంచమంతా దీన్ని నడిచే చేప అనడం అందుకే. అనాబాస్ అయితే మొప్ప మూతలనే వాడుకుంటుంది. వాటి అంచున రంపపు పళ్లలాంటి ముళ్లు ఉంటాయి. మూతలను విప్పి నేలకు పట్టించి, తోకతో తోసుకుంటూ సాగుతుంది.

ఈ అనాబాస్ గురించి 1797లో లండన్ లిన్నియన్ సొసైటీ ఒక విచిత్రమైన కబురు అచ్చువేసింది. డాల్డార్ఫ్ అనే డేనిష్ అధికారి 1791 నవంబరులో తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో, నీటికి ఐదడుగుల ఎత్తున తాటిచెట్టు మీద ఈ చేపను పట్టుకున్నానని రాశాడు. అప్పటి నుంచి ఇది చెట్టెక్కే చేప అయిపోయింది. గట్లు, వాలు రాళ్లు ఎక్కగలదన్నది నిజమే. చెట్ల మీద కనిపించిన వాటికి శాస్త్రజ్ఞులు ఇచ్చిన వివరణ మాత్రం వేరు. నేల మీద పాకుతున్న చేపను కాకో గద్దో తన్నుకుపోయి కొమ్మల్లో పెడుతుంది. గాలి పీల్చగల చేప కనుక అక్కడ కూడా కొంతసేపు ప్రాణంతో ఉంటుంది.

ఎప్పుడు బయల్దేరుతుంది? ఎందుకు?

ఎండలో ఏ చేపా షికారుకు రాదు. చర్మం, గాలి గదుల పొర తడిగా ఉన్నంతసేపే దాని ప్రాణానికి భరోసా. అందుకే ప్రయాణం రాత్రి పూట, మంచులో గానీ వానలో గానీ సాగుతుంది.

కారణాలు రెండు. ఉన్న గుంట ఎండిపోతుంటే తప్పించుకోవడం ఒకటి. కొత్త నీళ్లు వచ్చినప్పుడు గుడ్లు పెట్టే చోటు వెతుక్కోవడం రెండోది. వానాకాలంలో కోడి పారి, కాలువలో వేలెడు లోతు నీళ్లు కదిలినా చాలు, కొరమీను ఆ పారుదలకు ఎదురెక్కుతుంది. మామూలు చేపకు ఆ వేలెడు నీళ్లు చావుతో సమానం. కొరమీనుకు అదే రాచబాట. నడుమ పది గజాలు పొడిబారి, తడి గడ్డి మాత్రమే ఉన్నా దాటేస్తుంది. 2021 నవంబరు భారీ వానలకు కోలారు జిల్లాలో ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న చెరువులు నిండి పొర్లాయి. అలాంటి సంవత్సరాల్లోనే ఒక చెరువు చేప గొలుసు పొడుగునా అన్ని చెరువులకూ చేరుతుంది.

బురదలో నెలల తరబడి ఎలా ఉంటుంది?

వెళ్లడానికి దారి లేనప్పుడు కొరమీను, మట్టగిడస మెత్తటి బురదలోకి దూరతాయి. పైపొర ఎండి నెర్రెలిచ్చినా లోపలి మట్టి చెమ్మగా ఉంటుంది. చేప కదలదు, మేత మేయదు. ఒంట్లోని కొవ్వునే కొద్దికొద్దిగా కరిగించుకుంటూ, చాలా తక్కువ ఆక్సిజన్‌తో కాలం గడుపుతుంది. ఎండిన చెరువు అడుగున తవ్వి బతికున్న కొరమీన్లను బయటికి తీయడం దక్షిణ భారతంలో పాత అలవాటే.

ఇంతకుముందు చెప్పిన చిక్కు ఇక్కడ ఎదురవుతుంది. మాంసకృత్తులు అరిగినప్పుడు అమోనియా పుడుతుంది. అది విషం. కడిగేయడానికి నీళ్లు లేకపోతే ఒంట్లోనే పేరుకుంటుంది. ఇంగిలాయి, మార్పు లాంటి చేపలు ఆ అమోనియాను, మన కాలేయం చేసినట్టే, అంత హాని చేయని యూరియాగా మార్చుకోగలవు. కొన్ని చేపలు దాన్ని అమైనో ఆమ్లాలుగా మార్చి కండరాల్లో దాచుకుంటాయి. గాలి పీల్చడం ఎంత గొప్పో, ఈ విషాన్ని అణచుకోవడం కూడా అంతే గొప్ప.

దీనికి హద్దు ఉంది. ఆఫ్రికా ఊపిరితిత్తి చేప జిగురుతో ఒంటి చుట్టూ తొడుగు కట్టుకుని ఏళ్ల తరబడి నిద్రపోగలదు. మన కొరమీనుకు ఆ తొడుగు లేదు. మట్టిలోని చెమ్మ పూర్తిగా ఇంకిపోతే అది బతకదు.

ఆకాశం నుంచి పడవా? గుడ్లు మట్టిలో దాగవా?

సుడిగాలి నీళ్లతో పాటు చిన్న చేపలను ఎత్తి దూరాన పడేయడం అరుదుగా జరగవచ్చు. ఊరి చెరువులో ఏటా కనిపించే కొరమీనుకు అది కారణం కాదు. వానలో రోడ్డు మీద, పొలం గట్టు మీద మెలికలు తిరుగుతూ కనిపించే చేప దాదాపు ఎప్పుడూ నేల మీద ప్రయాణంలో ఉన్నదే.

గుడ్ల మాట కూడా కొరమీనుకు వర్తించదు. ఎండిన మట్టిలో నెలల తరబడి బతికే గుడ్లు పెట్టే చిన్న చేపలు ఆఫ్రికాలో ఉన్నాయి. కొరమీను గుడ్లు నీటిపైన తేలతాయి, ఒకటి రెండు రోజుల్లోనే పొదుగుతాయి. ఎండితే చచ్చిపోతాయి. పొదిగిన పిల్లలు ఎర్రటి ముద్దలా గుంపుగా తిరుగుతుంటే, తల్లీ తండ్రీ కిందనే ఉండి కాపలా కాస్తాయి. పుట్టగానే పిల్లలకు గాలి గదులు ఉండవు. అవి ఏర్పడేదాకా ఆ కాపలాయే వాటికి దిక్కు.

మనిషి పూర్వీకులు ఈ చేపలేనా?

కాదు. నేల మీదికి వచ్చి కాళ్లున్న జంతువులకు దారితీసిన చేపల వంశం వేరు. 37 కోట్ల ఏళ్లకు పూర్వపు టిక్టాలిక్ అనే చేప శిలాజం 2004లో కెనడా ఉత్తరాన దొరికింది. దాని రెక్కల్లో మణికట్టు లాంటి ఎముకలున్నాయి. కొరమీను, మార్పు, ఇంగిలాయి చాలా తర్వాత, ఎవరికి వారే గాలి పీల్చే అవయవాలను సంపాదించుకున్నాయి. కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల్లో ఆటుపోట్ల బురద మీద గెంతే చేపలది ఇంకో దారి. తడి చర్మంతోనూ నోటి లోపలి పొరతోనూ అవి గాలి పీలుస్తాయి. వేడి నీళ్లు, ఆక్సిజన్ కరువు ఎక్కడుంటే అక్కడ ప్రకృతి ఈ జవాబును మళ్లీ మళ్లీ కనుక్కుంది.

ఇంత గట్టి చేపకు భయం దేని నుంచి?

చెరువు ఎండడం కొరమీనుకు కొత్త కాదు. దానికి తెలియని కష్టాలు మనం తెచ్చినవి.

కాలువలు మూసుకుపోవడం మొదటిది. రెండు చెరువుల మధ్య కాలువను పూడ్చి ఇళ్ల స్థలాలు వేసినా, నిలువు కాంక్రీటు గోడలు కట్టినా, నేల మీద పాకగల చేపకు కూడా దారి లేదు. అప్పుడు ఒక చెరువులో చేప అంతరిస్తే మళ్లీ వచ్చేది ఉండదు.

రెండోది పరాయి చేప. త్వరగా పెరుగుతుందని తెచ్చిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్ మన మార్పు చేపకు దాయాదే. అదీ గాలి పీలుస్తుంది, అదీ తడి నేల మీద పాకుతుంది. దొరికిన ప్రతి చేపనూ తినేస్తుంది. 2000లో మన దేశం దాన్ని నిషేధించింది. దొంగచాటు పెంపకం మాత్రం ఆగలేదు. గట్టు తెగితే అది గొలుసు చెరువులన్నిటికీ పాకుతుంది. ఈ ప్రమాదం ఎంతటిదో అమెరికా అనుభవం చెబుతుంది. ఆసియా నుంచి వెళ్లిన మార్పు చేప 1960ల నుంచి ఫ్లోరిడా నీళ్లలో స్థిరపడింది. 2002లో మేరీలాండ్‌లోని ఒక చెరువులో కొరమీను కుటుంబానికి చెందిన చైనా చేప బయటపడగానే, ఆ కుటుంబపు చేపల దిగుమతినే అమెరికా నిషేధించింది. తన చోట ఉన్నంతవరకు ముచ్చటైన చేప, పరాయి చోట పెద్ద తంటా.

మూడోది నీటి నాణ్యత గురించి మన అపోహ. బెంగళూరు కోరమంగల–చల్లఘట్ట లోయలో శుద్ధి చేసిన మురుగునీళ్లను కె.సి. వ్యాలీ పథకం కింద 2018 జూన్ నుంచి కోలారు చెరువులకు పంపుతున్నారు. రోజుకు 440 మిలియన్ లీటర్లు ఇవ్వాలన్నది లక్ష్యం. ఎండిన చెరువులు నిండడం రైతుకు పెద్ద ఊరట. అయితే అలాంటి నీళ్లలో పోషకాలు మిగిలి ఉంటే నాచు విపరీతంగా పెరుగుతుంది. రాత్రి ఆ నాచే ఆక్సిజన్‌ను వాడేస్తుంది. తెల్లవారుజామున బొచ్చెలు, శీలావతులు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. కొరమీను మాత్రం హాయిగా ఉంటుంది, ఎందుకంటే దాని ఊపిరి ఆ నీటి మీద ఆధారపడలేదు. కాబట్టి చెరువులో కొరమీను ఉందని నీళ్లు మంచివని తీర్మానించకూడదు. మాట వరసకు కూడా అలా చెప్పకూడదు. నీటిని పరీక్ష చేయించడమే మార్గం.

మనం చేయగలిగింది ఏమిటి?

పెద్ద ఖర్చులేవీ అక్కర్లేదు. కోడి నుంచి కింది చెరువు దాకా కాలువను ఆక్రమించుకోకుండా, మట్టి గట్లతోనే ఉంచాలి. వేసవిలో పూడిక తీసేటప్పుడు చెరువు అడుగంతా ఒక్కసారే గీకేయకుండా, చెమ్మ మిగిలిన లోతు భాగాన్ని వదిలేయాలి. అక్కడే వచ్చే ఏటి విత్తనం దాగి ఉంటుంది. ఎర్రటి పిల్లల గుంపు కింద కాపలా ఉన్న తల్లిదండ్రులకు గాలం వేయకూడదు. ఆ రెండిటినీ పట్టుకుంటే పైన ఉన్న వందల పిల్లలను ఇతర చేపలు పూటలో మింగేస్తాయి. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పిల్లలను ఎవరు ఊరికే ఇస్తామన్నా చెరువులో వదలకూడదు.

తెలంగాణ కొరమీనును రాష్ట్ర చేపగా గౌరవించింది. ఏ బిరుదూ లేకపోయినా కోలారు చెరువులకు కూడా దాని మీద అంతే హక్కు ఉంది. కరువును ఓర్చుకోవడం ఆ చేపకు మనం నేర్పనక్కర్లేదు. దాని దారి మూయకుండా ఉంటే చాలు. ఈ వానాకాలం మీ ఊరి చెరువు కోడి పారినప్పుడు, కాలువ వెంట ఒకసారి నడిచి, అది కింది చెరువు దాకా తెరిచి ఉందో లేదో చూడండి. మూసుకుపోయి ఉంటే పంచాయతీలో అడగండి.